చర్చ: ఎత్తైన పీఠభూమి మీద రాతి కోతను బెరీలియం-10తో కొలిచేటప్పుడు పక్కపక్క బండల లెక్కలు ఎందుకు కలవవు?

చాంగ్‌తాంగ్_పరిశోధకురాలు
నమస్కారం. లడఖ్‌లోని చాంగ్‌తాంగ్‌లో, సుమారు 4,500 మీటర్ల ఎత్తున ఉన్న గ్రానైట్ గుట్టల కోత రేటును క్వార్ట్జ్ అనే ఖనిజంలోని బెరీలియం-10 (కాస్మిక్ కిరణాల తాకిడికి రాతిలో పుట్టే రేడియోధార్మిక పరమాణువు; కోత నెమ్మదైతే ఎక్కువ పేరుకుంటుంది) ఆధారంగా లెక్కగడుతున్నాను. ఒకే గుట్ట శిఖరాన పక్కపక్కనే ఉన్న రెండు బండలలో ఒకటి పది లక్షల ఏళ్లకు 10 మీటర్ల చొప్పున, రెండోది 20 మీటర్ల చొప్పున అరిగినట్టు తేలింది. రెండింటికీ వాలు, కాస్మిక్ కిరణాలకు చుట్టుపక్కల కొండల అడ్డు ఒకటే. ఇలాంటి తేడాను ఎదుర్కొన్నవారు దాన్ని ఎలా అర్థం చేసుకున్నారో తెలుపగలరు.

గ్రానైట్_బాటసారి
మీ తేడాకు నాకు తోచే మొదటి కారణం పెచ్చులు ఊడటం. మనం వాడే సమీకరణం, ముఖ్యంగా కాస్మిక్ కిరణాల శాస్త్రవేత్త దేవేంద్ర లాల్ గారు 1991లో స్పష్టపరచిన రూపం, రాయి ఏటా ఇసుక రేణువుల్లా సమంగా అరుగుతుందని భావిస్తుంది. గ్రానైట్ మాత్రం చాలాచోట్ల పలకలు పలకలుగా విడిపోతుంది. కాస్మిక్ కిరణాల వల్ల పుట్టే బెరీలియం-10 లోతుకు పోయేకొద్దీ తగ్గి, సుమారు 60 సెంటీమీటర్ల దగ్గర పైభాగంలో మూడో వంతుకు కాస్త పైగా మిగులుతుంది. ఉత్పత్తి గ్రాము క్వార్ట్జ్‌కు ఏడాదికి 60 పరమాణువులు అనుకుంటే, 10 మీటర్ల రేటుకు ఉపరితలంలో గ్రాముకు సుమారు 35 లక్షల పరమాణువులు ఉండాలి. ఆ బండ మీది నుంచి ఈమధ్యే 40 సెంటీమీటర్ల పలక ఊడిపోయి ఉంటే, బయటపడిన ముఖంలో దాదాపు 18 లక్షలే ఉంటాయి. దాన్ని సమీకరణంలో వేస్తే దాదాపు మీ 20 మీటర్ల రేటే వస్తుంది. పలక ఊడబోయే ముందు తీసిన నమూనా అసలు రేటుకన్నా తక్కువ చూపుతుంది. అందువల్ల ఒక్క బండ ఇచ్చిన అంకెను గుట్ట మొత్తానికి అంటగట్టడం నాకు సమ్మతం కాదు. విండ్ రివర్ సహా పశ్చిమ అమెరికాలోని పలు పర్వతశ్రేణుల శిఖరాల మీద 1997లో ప్రచురించిన పరిశోధనలో సగటు సుమారు 7.6 మీటర్లు వచ్చింది. అక్కడ కూడా అనేక బండల సగటుకే విలువ ఇచ్చారు.

క్వార్ట్జ్_శుద్ధి
రసాయనశాల వైపు నుంచి ఒక మాట. వానతో, మంచుతో వాతావరణం నుంచి దిగే బెరీలియం-10 రేణువుల అంచులకు, పగుళ్లకు అంటుకొని ఉంటుంది. పలుచని హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో పదేపదే కడిగి దాన్ని తొలగించకపోతే కోత రేటు తక్కువగా కనిపిస్తుంది. శుద్ధి అయిన క్వార్ట్జ్‌లో అల్యూమినియం ఎంత మిగిలిందో (అది ఎక్కువైతే ఇతర ఖనిజాలు ఇంకా పోలేదన్నమాట) చూసుకున్నాకే నేను తరువాతి దశకు వెళ్తాను. మీ రెండు నమూనాలకూ ఆ విలువ ఒకేలా ఉందా?

చాంగ్‌తాంగ్_పరిశోధకురాలు
రెండింటిలోనూ తక్కువగా, దగ్గరదగ్గరగానే ఉంది. ఖాళీ నమూనా (రాయి లేకుండా రసాయనాలతోనే నడిపిన పరీక్ష) కూడా శుభ్రంగానే ఉంది. ఎక్కువ రేటు చూపిన బండ అంచున రంగు తేరిన కొత్త ముఖం కనిపించిందని క్షేత్రపుస్తకంలో రాసుకున్నాను. పలక వాదనకు అది బలం ఇస్తోంది. అయితే పూర్వం హిమానీనదం ఈ గుట్టను కప్పి ఉండే అవకాశాన్ని ఎలా తోసిపుచ్చాలి?

మంచు_నీడ
కాస్మిక్ కిరణాల వల్లే పుట్టే అల్యూమినియం-26ను కూడా కొలవండి. క్వార్ట్జ్‌లో ఈ రెండూ సుమారు 6.75కు 1 నిష్పత్తిలో పుడతాయి. అల్యూమినియం-26 అర్ధాయువు సుమారు 7 లక్షల ఏళ్లు, బెరీలియం-10ది సుమారు 13.9 లక్షల ఏళ్లు కాబట్టి, మంచు కింద దీర్ఘకాలం దాగిన రాయిలో ఆ నిష్పత్తి పడిపోతుంది. కానీ 20 వేల ఏళ్ల కప్పుదలకు అది పట్టుకోగలిగినంతగా మారదు. నిష్పత్తి మామూలుగా ఉన్నంత మాత్రాన మంచు రాలేదని అనుకోకూడదు. మొరైన్ల (హిమానీనదం వదిలిన రాళ్ల దిబ్బల) ఆధారం కూడా చూడాలి.

దక్కన్_బసాల్టు
మా దక్కన్ పీఠభూమి బసాల్టులో క్వార్ట్జ్ దాదాపు దొరకదు కనుక మాకు ఈ బెరీలియం-అల్యూమినియం జంట అందదు. ఆలివిన్, పైరాక్సీన్ ఖనిజాలలో హీలియం-3, లేదా క్లోరిన్-36 చూడాల్సిందే.

గ్రానైట్_బాటసారి
అయితే చాంగ్‌తాంగ్ గారూ, అదే శిఖరం మీద పలక ఊడటంలో వేర్వేరు దశల్లో ఉన్న బండల నుంచి సమాన బరువు గల ముక్కలు తీసి, ఒకే నమూనాగా కలిపి కొలిపించండి. కొత్త ముఖాలను వదిలేస్తే సగటు కృత్రిమంగా తగ్గిపోతుంది కాబట్టి వాటినీ చేర్చాలి. పది లక్షల ఏళ్లకు 10 మీటర్ల రేటు దాదాపు 60 వేల ఏళ్ల సగటును సూచిస్తుంది. ఆ గడువులో వాతావరణం ఎంతగా మారిందో పత్రంలో తప్పక చర్చించండి.