అప్‌డేట్: తాడు మార్చాం, టవర్ వాయిదా వేశాం

జమ్మలమడుగు దగ్గర మైలవరం జలాశయంలో మా 18 అడుగుల ఔట్‌బోర్డ్ (ఇంజిన్ వెనుక బయటివైపు ఉండే) బోటుతో వేక్‌బోర్డ్‌ను, అంటే మనిషి నిలబడి నీటిమీద జారే పలకను, లాగడానికి మొదట టవర్ (తాడు కట్టే ఎత్తైన చట్రం) కొనాలా, తాడు మార్చాలా అని పోయిన నెల అడిగాను. తాడే ముందని మీలో ఎక్కువమంది చెప్పారు, అలాగే చేశాను.

పాత నైలాన్ తాడు మా తమ్ముడు నీళ్లలోంచి లేవబోయిన ప్రతిసారీ రబ్బరులా సాగి, అతను పిడి వదలగానే విసురుగా వెనక్కి వచ్చేది. ఒకసారి ఆ పిడి తగిలి వెనుక సీటు రెక్సిన్ జానెడు మేర చీలిపోయింది, అక్కడ మనిషి కూర్చుని ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది. ఇప్పుడు దాదాపుగా సాగని 20 మీటర్ల డైనీమా (బలమైన సింథటిక్ నార) తాడు వాడుతున్నాం. అతను రెండో ప్రయత్నంలోనే నిలబడ్డాడు.

టవర్ ఎత్తు నుంచి లాగితే పలకతో అల మీంచి గాల్లోకి ఎగిరేవారికి మేలన్నది నిజమే. అయితే ఆ లాగుడు బలమంతా బోటు అంచుల ఫైబర్ మీద పడుతుంది కనుక, లోపలివైపు లోహపు పలకలు వేయించేవరకు దాని జోలికి వెళ్లను.

బోటు వెనుక లేచే అల పెరగడానికి బోటులో వెనుక వైపు 200 లీటర్ల నీటిసంచి పెట్టాం. అది 200 కిలోల బరువు కాబట్టి ఇద్దరిని ఒడ్డునే ఉంచాం. అయినా బోటు ముక్కు పైకెత్తి వేగం అందుకోవడానికి ఆలస్యం చేసింది. 19 అంగుళాల పిచ్ (ఒక చుట్టుకు లెక్క ప్రకారం ముందుకు సాగే దూరం) ఉన్న ప్రొపెల్లర్ తీసి 17 అంగుళాలది బిగించాక గంటకు 30 కిలోమీటర్ల వేగాన్ని తడబడకుండా అందుకుంటోంది.