క్యోటో మొదటిసారి: జేఆర్ పాస్ కొనాలా? రూమ్ ఎక్కడ?

కోనసీమ కుర్రాడు:
పదేళ్ల కల తీరబోతోంది. నవంబరులో అమ్మానాన్నలతో నాలుగు రోజులు క్యోటో. టోక్యోలో దిగి వెళ్లి రావడమే. 7 రోజుల జేఆర్ పాస్ (జపాన్ రైళ్లలో తిరిగే టికెట్) దండగా? రూమ్ స్టేషన్ దగ్గరా, పాత పేట గియోన్ వైపా? అమ్మ పక్కా శాకాహారి.

షింజుకు శీను:
పాస్ వద్దు బ్రో. 2023 అక్టోబరులో 29,650 యెన్ల నుంచి ఒకేసారి 50,000 చేశారు. రానుపోను షింకాన్సెన్ (బుల్లెట్ రైలు) టికెట్లు కొన్నా అందులో చాలా మిగులుతుంది.

బెజవాడ వాణి:
ఫుషిమి ఇనారి గుడికి తెల్లారకముందే వెళ్లండి. 24 గంటలూ తెరిచే ఉంటుంది, టికెట్ లేదు. నేను పదకొండింటికి వెళ్లి, ఎర్ర తోరణాల కింద జనం వీపులు ఫొటో తీసుకొచ్చాను. తిండికి టెన్షన్ వద్దు, అన్నం, మిసో (సోయా ముద్ద) సూప్ ఎక్కడైనా దొరుకుతాయి.

గోంగూర గురు:
మిసో సూప్ శాకాహారమా?! అందులో పోసే దాషి అనే రసాన్ని ఎండు చేప తురుముతో కాస్తారు మేడమ్!

బెజవాడ వాణి:
నేను అడిగే తాగానండి. "నికు నాషి" అని స్పష్టంగా చెప్పాను.

గోంగూర గురు:
నికు అంటే మాంసం. చేప వాళ్ల లెక్కలో నికు కాదు. ఒసాకాలో ఎనిమిదేళ్లు వండుకు తిన్నవాణ్ని, నాకు తెలీదా?

షింజుకు శీను:
ఆ ఎనిమిదేళ్ల సంగతి ప్రతి చర్చలోనూ వింటున్నాం. సముద్రపు నాచుతో చేసే కొంబు దాషి కూడా ఉంది.

గోంగూర గురు:
ఉంది. మామూలు హోటల్లో నీకోసం విడిగా కాస్తారా?

బెజవాడ వాణి:
కాస్త మర్యాదగా మాట్లాడండి. వారం రోజులు తాగాను, ఇప్పుడు మా అత్తగారికి ఏం చెప్పను?

మల్లీశ్వరి:
కందకు లేని దురద కత్తిపీటకెందుకు! క్యోటో పడమటి వైపు అరాషియామాలో తెన్‌ర్యూజి గుడి ఆవరణలోనే షోజిన్ ర్యోరి పెడతారు, బౌద్ధ సన్యాసుల భోజనం. చేప లేదు, ఉల్లి, వెల్లుల్లి కూడా లేవు. మా ఆయన రెండు ముద్దలు తిని, పక్కనున్న వెదురు తోటలో నాతో పోట్లాడాడు.

సైకిల్ సూరి:
పాత బ్లాగులు నమ్మి బస్ డే పాస్ అడిగాను, నవ్వారు. 2023లోనే అమ్మకం ఆపేశారట. సబ్‌వేతో కలిపిన పాస్ 1,100 యెన్లకు కొన్నాను. ఇంకోటి, వీధుల్లో చెత్తబుట్టలుండవు. పులిహోర తిన్న కవరు రాత్రిదాకా జేబులోనే మోశాను.

మల్లీశ్వరి:
పులిహోర ఎన్ని రోజులు ఆగింది?

కోనసీమ కుర్రాడు:
పాస్ సంగతి తేలింది, థాంక్స్. రూమ్?

గోంగూర గురు:
రూమ్ తర్వాత. వాణిగారు ఉడాన్ నూడుల్స్ కూడా తిన్నారేమో అడగండి. ఆ పులుసులోనూ దాషే.