అప్‌డేట్: కడప నుంచి అండమాన్ హనీమూన్, విశ్రాంతి, స్కూబా రెండూ కుదిరాయి

మా ఆవిడకు బీచ్‌లో తీరిగ్గా గడపాలని, నాకు స్కూబా (సిలిండర్ గాలి పీలుస్తూ నీటి అడుగున ఈదడం) చేయాలని. 6 రోజుల్లో రెండూ ఎలా కుదురుతాయని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా, వెళ్లొచ్చాం. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

బాగా పనికొచ్చిన మాట: రోజుకో చోటికి మారొద్దు. అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్ అనే దీవిలోనే, అదే పాత హావ్‌లాక్, 4 రాత్రులున్నాం. పొద్దున స్కూబా, మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం రాధానగర్ బీచ్. డిసెంబరులో అక్కడ ఐదింటికే పొద్దు గూకుతుంది, మూడున్నరకల్లా బయల్దేరండి.

ఈత రాని మా ఆవిడ కూడా ఇన్‌స్ట్రక్టర్ చెయ్యి పట్టుకుని నీళ్లలోకి దిగింది. లోపల నా వేలు గట్టిగా నొక్కి, పసుపు చారల చేపను చూపించింది. ఇప్పటికీ అదే కళ్లలో మెదులుతోంది.

స్కూబా చివరి రోజుకు ఉంచుకోకండి. డైవ్ చేశాక కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు. పాస్‌పోర్ట్ టెన్షన్ అనవసరం, మనకు ఆధార్ చాలు.