జూన్ 13 గ్రాడ్యుయేషన్ సన్మానం: ఎవరి పని ఏంది, ఇంకా ఏం తేలలే

కన్వీనర్, ప్లేనో
అందరికి నమస్తే. నిన్నటి కాల్‌ల సగం మంది మ్యూట్‌ల ఉన్నరు, మిగిలిన సగం ఒక్కపారే మాట్లాడిండ్రు. అందుకే రాసి పెడుతున్న. ఇగ ఈడనే తేల్చుకుందాం.

లిస్టుల 34 మంది ఉన్నరు. ఈడ అమెరికాల డాలస్ చుట్టుపక్కల డెంటన్, ఆర్లింగ్టన్, రిచర్డ్‌సన్‌ల చదివి మొన్న మే నెలల డిగ్రీ అందుకున్న మన పిల్లలు. వాళ్ళ ఊర్లు వరంగల్, హన్మకొండ, జనగామ, పరకాల, నర్సంపేట, ములుగు, మానుకోట, భూపాలపల్లి. వీళ్ళల్ల 27 మంది అమ్మానాన్నలు కాన్వొకేషన్ చూడలే. కొందరికి వీసా రాలే. కొందరు టికెట్ రేటు చూసి ఆగిపోయిండ్రు. ఇద్దరు ముగ్గురికైతే పాస్‌పోర్టే లేదు. పిల్లలు గౌను తొడుక్కొని ఫొటో దిగి వాట్సాప్‌ల పంపిండ్రు, గంతే.

పోయినేడు మనం చేసింది యాదికున్నదా? ముఖ్య అతిథులు ఐదుగురు, ఒక్కొక్కలు పావుగంట. పిల్లలు శాలువాలు కప్పుకొని స్టేజీ పక్కన తోడుపెండ్లికొడుకుల లెక్క నిలబడ్డరు. వాళ్ళ చేతికి మైకు వచ్చేసరికి జనం ప్లేట్లు పట్టుకొని లైన్ల ఉన్నరు. తప్పు నాదే, ఆ ప్రోగ్రాం కాయితం రాసింది నేనే. ఈసారి ఉపన్యాసాలు లేవు. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు, అవతల తెర మీద వాళ్ళ ఇంటోళ్ళు. 34 మందికి 102 నిమిషాలు, చప్పట్లు కలిపితే రెండు గంటలు.

ముందుగాల టైము తేలాలె. హాలాయన సాయంత్రం 6కు ఇస్త అంటున్నడు. అప్పుడు మన ఊర్లల్ల ఆదివారం తెల్లారుగట్ల నాలుగున్నర. ఇంటోళ్ళను గా యాళ్ళకు లేపి ముస్తాబు చేయించుడు నాకైతే మంచిగనిపిస్తలేదు.

హాలు పని, ఇర్వింగ్
అన్నా, మళ్ళ మాట్లాడిన. పొద్దున 9 నుంచి 2 దాకా ఇస్తడంట, కిరాయి సుత తక్కువే. గని 2 కొట్టంగనే ఖాళీ చెయ్యాలె, సాయంత్రం ఎవల్దో రిసెప్షన్ ఉన్నది. అంటే ‘మన టైము’ నడవది. కార్డు మీద 10 అని వేసి 11కు మొదలుపెట్టే అలవాటు ఈ ఒక్క దినం ఇంట్ల వదిలి రాండ్రి.

హన్మకొండ నుంచి
మీకు పొద్దున పదంటే ఈడ రాత్రి ఎనిమిదిన్నర. గదే మంచిగుంటది. మిరుగు (మృగశిర కార్తె) దాటిన వారం, పత్తి గింజలు పెట్టే రోజులు. పొద్దంత ఎవలూ ఫోన్ ఎత్తరు.

ఇంకొకటి. ఎవలింట్ల వాళ్ళను ఫోన్ల చూడమంటే నెట్ తెగుతది, మొఖాలు కనపడవు. నయీంనగర్‌ల మా ఇంటి పైన హాలు ఖాళీగున్నది. నలభై మంది కూసుంటరు. పెద్ద టీవీ మా బామ్మర్ది కాడికెల్లి తెస్త. ఇన్వర్టర్ ఉన్నది. గాలిదుమారం వస్తె వైఫై పోతది కాబట్టి రెండు వేరే వేరే కంపెనీల సిమ్ములు పెట్టుకుంట. రానోళ్ళకు ఎట్లనన్న లింకు పంపుదాం.

గని మీ లిస్టుతోని ఒక లొల్లి ఉన్నది. ఇంగ్లీషు అక్షరాల వరుసల పేర్లు పెట్టిండ్రు. గట్ల పిలిస్తే నర్సంపేట పిల్ల పేరు ఆఖర్న, రాత్రి పదిన్నరకు వస్తది. ఆ పిల్ల వాళ్ళమ్మ ఇగ ఇంటికెట్ల పోతది? ములుగు దాదాపు 50 కిలోమీటర్లాయె. ఏ ఊరికి ఆఖరి బస్సు ఎన్నింటికో బస్టాండ్‌ల అడిగి రాసి పంపుత, ఆ వరుసల పిలువుండ్రి. కాజీపేట, హన్మకొండోళ్ళు ఆఖరుకు. భూపాలపల్లి వాళ్ళు ఎట్లైనా మా ఇంట్లనే పండుతరు, చాపలు పరుస్త.

కన్వీనర్, ప్లేనో
బస్సుల వరుస ఖాయం. హాలు పొద్దుటిది బుక్ చెయ్యి తమ్మీ.

విద్యార్థి వాలంటీరు, డెంటన్
అన్నా, నా పేరు తీసెయ్యుండ్రి. కుర్చీలేస్త, కార్లు పార్క్ చేపిస్త, ఏ పనన్న చెప్పుండ్రి, స్టేజీ మాత్రం ఎక్క. ఓపీటీ (చదువు అయినంక ఈడ పని చేసుకునేటందుకు ఇచ్చే పర్మిషన్) మొదలైంది, ఉద్యోగం లేకుంట ఉండేటందుకు ఇచ్చేది 90 రోజులు, అండ్ల పది రోజులు అయిపోయినయి. పోయినేటి వీడియో చూసిన. పేరు చదివి వెంటనే కంపెనీ పేరు చదివిండ్రు. నా పేరు తర్వాత ఏం చదువుతరు? మా రూముల నలుగురం గిట్లనే ఉన్నం. వాళ్ళు రాస్తలేరు, నేను రాసిన.

యాంకరింగ్, ఫ్రిస్కో
తమ్మీ, పోయినేడు ఆ కంపెనీ పేర్లు చదివింది నేనే. అప్పుడు తోచలే. ఆ స్లైడ్ ఈ పూటనే తీసేసిన, జీపీఏ సుత తీసేసిన.

అందరికి మూడు ప్రశ్నలు ముందే పంపుత. ఏ ఊరు, ఏ బడి? ఈడికొచ్చినంక ఏ దినం సూట్‌కేసు సర్దుకొని పోదామనిపించింది? ఆ దినం ఎవలు ఆపిండ్రు? రిహార్సల్ లెక్క కొందరితోని ఫోన్ల మాట్లాడిన. పరకాల పిల్ల ఒకామె క్యాంపస్ డైనింగ్‌ల గిన్నెలు కడిగే షిఫ్ట్ చేసిందట. ఇంట్ల మాత్రం రెండేండ్లు ‘లైబ్రరీల పని’ అని చెప్పింది. చలికాలంల చేతులు పగిలితే వీడియో కాల్‌ల చేతులు కనపడకుంట కూసునేదంట. ‘అక్కా, ఆ దినం స్టేజీ మీద మా అమ్మ వినంగ చెప్త’ అన్నది. చెప్పమన్న. ముందు వరుసల టిష్యూ డబ్బాలు పెట్టుండ్రి.

ఒక్కటి మాత్రం మనం ఎత్తొద్దు, అప్పు ముచ్చట. పొలం కుదువ పెట్టిన సంగతి ఊర్ల తెల్వకుంట దాచుకున్న ఇండ్లు ఉన్నయి. నయీంనగర్‌ల పక్క కుర్చీల అదే ఊరాయన కూసుంటడు. పిల్లలు వాళ్ళంతట వాళ్ళు చెప్తే వేరే.

డెంటన్ తమ్మీ, నీ పేరు తీస్తలేను. 12 నాడు రాత్రి మళ్ళ అడుగుత. అప్పటికీ వద్దంటే తీస్త.

ఆర్‌ఈసీ పెద్దాయన, ప్లేనో
ఈసారి నాకు మైకు లేదని అర్థమైంది. న్యాయమే. నా ఎనిమిది డాలర్ల కథ మీకందరికీ బట్టీ వచ్చి ఉంటది. కొత్తగా వచ్చినోళ్ళ కోసం ఒక్క వాక్యంల: ఆ రోజుల్ల దేశం దాటేటోనికి రిజర్వ్ బ్యాంకు ఇయ్యనిచ్చిన విదేశీ సొమ్ము అంతే. అయిపోయింది, ఇక చెప్పను.

ద్వారం దగ్గర బోర్డు నాకిచ్చేయండి. పోయినేడు దాని మీద ‘ఎన్‌ఐటీ, 1959’ అని ముద్రించారు. 1959 అక్టోబర్ 10న నెహ్రూ పునాదిరాయి వేసింది ఆర్‌ఈసీకి, అంటే రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీకి. ఎన్‌ఐటీ అయింది 2002ల. కాకతీయ మెడికల్ కాలేజీ మొదలైంది సుత 1959లనే. కేయూ (కాకతీయ యూనివర్సిటీ) వచ్చింది 1976ల, అంతకుముందు అక్కడ ఉన్నది ఉస్మానియా వాళ్ళ పీజీ సెంటర్. జయశంకర్ సారు ఆత్మకూరు దగ్గరి అక్కంపేటల పుట్టి, ఆ కేయూకే వైస్ చాన్సలర్ అయిండు. ఆయన ఫొటో మధ్యల పెడదాం. చుట్టూ వరంగల్ పటం. ప్రతి పిల్ల, పిల్లగాడు వచ్చి తన బడి ఉన్న ఊరి మీద పిన్ను గుచ్చాలె. 34 పిన్నులు, నాదొకటి.

పేరు గురించి: ఎవరో ‘పట్టాల పండుగ’ అన్నారు. వినసొంపుగనే ఉన్నది. కాకపోతే కాజీపేటోళ్ళు రైలు పట్టాలనుకుంటరు.

జ్ఞాపికల పని, కాపెల్
నేను జూన్ 8న వాపసొస్తున్న. పెంబర్తిల ఇత్తడి జ్ఞాపికలు చూసిన, కళాతోరణం బొమ్మవి. ఒక్కోటి 600 గ్రాములు. 34కు 20 కిలోల 400 గ్రాములు, ప్యాకింగ్ కలిపితే నా 23 కిలోల బ్యాగు ఒకటి నిండుతది. రెండో బ్యాగుల మా అమ్మ పెట్టే పచ్చళ్ళు ఉన్నయి, దాన్ని ఎవలూ అడగొద్దు. శాలువాలు ఈసారి వద్దు, పోయినేటివి అందరిండ్లల్ల కారు సీట్ల మీద ఉన్నయి.

భోజనాలు, లూయిస్‌విల్
పన్నెండున్నరకు తిండి. లైసెన్స్ ఉన్న క్యాటరర్ చేసిందే లోపలికి రావాలని హాలు షరతు. బగారన్నం, కోడికూర, గుత్తి వంకాయ, పచ్చిపులుసు చెప్పిన. పచ్చిపులుసు అంటే ఏందని క్యాటరర్ రెండుసార్లు అడిగిండు. కాగబెట్టొద్దని రాసిచ్చిన, అయినా కాగబెడుతడేమోనని భయమున్నది.

సర్వపిండి పెట్టాలని ఏడుగురు మెసేజ్ చేసిండ్రు. అన్నలారా, గిన్నెకు పిండి ఒత్తి, బొక్కలు పెట్టి, నూనె పోసి, మూత పెట్టి కాల్చేసరికి ఒక్కోదానికి పావుగంట. 220 మందికి ఎవలు కాలుస్తరు? అడిగినోళ్ళల్ల ఒక్క ఆడమనిషి లేదు, అది సుత చూసుకోండ్రి.

ఇంకొక మాట రాయాల్నా వద్దా అని మూడు దినాల సంది అనుకుంటున్న. నాది కేయూ దూరవిద్య డిగ్రీ. పెండ్లయినంక, పెద్దోడు కడుపుల ఉన్నప్పుడు ఆఖరి పరీక్షలు రాసిన. పట్టా పోస్టుల వచ్చింది. మా అత్త తలుపు కాడ సంతకం పెట్టి తీసుకొని బియ్యం డబ్బా మీద పెట్టింది. సన్మానం వద్దు, నా పేరు పిలువద్దు. ఆ గౌను ఒక్కపారి తొడుక్కొని ఫొటో దిగాల్నని ఉన్నది, అంతే. నవ్వకుండ్రి.

యాంకరింగ్, ఫ్రిస్కో
అక్కా, ఎవలు నవ్వుతరు? నాదీ మా కాలేజీ కౌంటర్ కిటికీలకెల్లి చేతికొచ్చిన పట్టానే. చిల్లర లేదని క్లర్క్ పది రూపాయలు సుత వాపస్ ఇయ్యలే. ఫొటోకు నేను సుత వస్త.

విద్యార్థి వాలంటీరు, డెంటన్
అక్కా, నా గౌను తెస్త. ఆకుపచ్చది, నిన్ననే ఇస్త్రీ చేయించిన. ఎక్కినా ఎక్కకున్నా ఆ దినం నా కార్లనే ఉంటది.

భోజనాలు, లూయిస్‌విల్
నువ్వు ఆరడుగులున్నవ్ తమ్మీ, అది నాకు నేల ఊడుస్తది. పిన్నీసులు నేను తెస్త. నీ బుజాల కాడ సుత వదులున్నట్టున్నది, ఫొటోల చూసిన. తొమ్మిదికే రా, ముందు నీది సరిచేస్త.