సమస్యాపూరణం: యముడు వచ్చె ననుచు నతివ మురిసె

ఈసారి ఆటవెలది పద్యం నాలుగో పాదం ఇచ్చిన, పైన ఉన్నదే, ముందటి మూడు పాదాలు మీరు రాసి పూర్తి చెయ్యాలె. ‘యముడు’ల య-కు ‘అతివ’ల అ-కు యతి (పాదం మొదటి అక్షరంతోని నడుమ అక్షరం కలువుడు) చెల్లుతది, డౌట్ వద్దు. దీపావళి అమావాస్య ఎల్లినంక రెండోనాడు కార్తీక శుద్ధ విదియ, భగినీహస్త భోజనం, అన్నదమ్ములు అక్కచెల్లెండ్ల ఇంటికి పోయి తినే దినం. మన దిక్కు రాఖీ పున్నమికి బస్సుల్ల నిలబడ సందుండదు గని ఈ విదియ శానమందికి యాదికే లేదు, ఆ బాధతోనే ఈ సమస్య పెట్టిన.

జనగామ తమ్ముడు:
ఎన్ని మార్లు పిలిచి యెదురు చూచిన రాని
యన్న విదియ వేళ నడుగు పెట్టె
వంట శాల లోన పరుగులే పరుగులు
యముడు వచ్చె ననుచు నతివ మురిసె

నేను (హన్మకొండ): కథ సూటిగ పట్టినవ్ తమ్మీ. యముడు, యమున ఇద్దరు సూర్యునికి సంజ్ఞకు పుట్టిన పిల్లలు, చెల్లె ఎన్నిసార్లు పిలిచినా ఆయనకు పనే తీరది, తీరా వచ్చి తిన్ననాడు ఈ దినం చెల్లె చేతి అన్నం తిన్నోళ్లకు నరకం లేదని వరమిచ్చి పోయిండు. మూడో పాదంల వ-ప యతి కుదరలే. ‘లోన’ తర్వాత ద్రుతం (చివర దాగిన న-కారం, దాని తర్వాత ప బ అయితది) ఉంది కాబట్టి ‘లోన బరుగులే’ అని రాయి, వ-బ యతి కూడుతది.

కాజీపేట అక్క: నేను ‘రాఖీ కట్టు’ అని మొదలుపెట్టిన, గణం కుదుర్తలేదు.

నేను: అక్కా, ‘రాఖీ’ రెండూ గురువులే (దీర్ఘాలే), సూర్యగణంల (గురువు-లఘువు, లేకుంటే మూడు లఘువులు) పట్టదు, ‘రాఖి’ అనాలె. అయినా రాఖీ శ్రావణ పున్నమిది, దాంట్లకు యముణ్ణి ఎట్ల తెస్తరో చూడుండ్రి.

పరకాల నుంచి:
వేపచెట్టు కింద వేషమ్ము గట్టిన
తోడబుట్టు వాడు తొడను చరచి
పాశ మెత్తి పాడు పదములు వినబడ
యముడు వచ్చె ననుచు నతివ మురిసె

ధర్మపురి సారు: చిందు బాగోతంల యముని వేషం కట్టిన తమ్ముడు! మాకు యముని గుడే ఉంది, ధర్మపురికి పోయినోనికి యమపురి లేదంటరు, అయినా నాకు ఈ ఊహ తట్టలే. ‘పాడు పదములు’ అంటే చెడ్డమాటలనే అర్థం గూడ వస్తది గద, ‘పాశ మెత్తి యాడ పదములు పాడుచు’ అంటే ఆ చిక్కు పోతది.

భూపాలపల్లి చెల్లె:
బొగ్గు పొడిని మునిగి పొద్దెక్కి వచ్చిన
యన్న మొగము చూడ నంత నలుపు
చెల్లె చేతి ముద్ద చేరి తినగ నేడు
యముడు వచ్చె ననుచు నతివ మురిసె

నేను: చదివి కొద్దిసేపు ఏం టైప్ చెయ్యలేకపోయిన చెల్లే. యతులన్నీ బాగున్నయి, బొ-పొ గూడ. పురాణం ముచ్చట లేకుంటనే యముడొచ్చిండు.

ధర్మపురి సారు: ఒక్క మాట బిడ్డా, బొగ్గు గని కాడ్నే నీళ్లు పోసుకొని ఇంటికొస్తరు గద, మొగమంత నలుపు ఎట్ల ఉంటది?

భూపాలపల్లి చెల్లె: నిజమే సార్. మా అన్న నైట్ షిఫ్ట్ దిగి సబ్బు పెట్టి ఎంత రుద్దుకున్నా కంటిరెప్పల కాడ బొగ్గు పోదు, కాటుక పెట్టుకున్నట్టే ఉంటది, పోయిన విదియకు అట్లనే వచ్చి పీట మీద కూసున్నడు, నేను ముద్ద పెట్టుకుంట ఆ కండ్లే చూసిన. రెండో పాదం మారుస్త:

యన్న కంటి యంచు లంత నలుపు