నొప్పుల మాత్రల వల్ల కడుపులో రక్తస్రావం: సూది మందుకు మారితే ప్రమాదం తప్పుతుందా?

ప్రశ్న: నర్సంపేట వాసి

మా అమ్మకు 64 ఏళ్లు. చిన్నప్పటి నుంచీ పత్తి ఏరి, నాట్లు వేసిన మనిషి కావడంతో రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. కొన్నేళ్లుగా మందుల దుకాణంలో నొప్పుల గోలీలు తెచ్చుకుని, పని ఎక్కువగా ఉన్న రోజుల్లో పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకుంటోంది. గుండెకు స్టెంట్ వేసినందున 75 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ కూడా రోజూ వాడుతోంది. ఈ మధ్య మలం నల్లగా, జిగటగా రావడం మొదలైంది. ఒకరోజు మంచం మీది నుంచి లేవబోయి కళ్లు తిరిగి కూలబడింది. వరంగల్‌లో ఆసుపత్రిలో చేర్పిస్తే రక్తం ఎక్కించి, ఎండోస్కోపీ చేసి, చిన్నపేగు మొదటి భాగంలో పుండు పడి రక్తం కారిందని చెప్పారు. ఇప్పుడు కోలుకుని ఇంటికి వచ్చింది.

ఆమె ఏనాడూ పరగడుపున గోలీ వేసుకోలేదు, కడుపులో నొప్పి అని ఒక్కసారి కూడా అనలేదు. అలాంటప్పుడు పుండు ఎలా పడింది? ఇంకొక సందేహం కూడా ఉంది. మోకాళ్ల నొప్పి మళ్లీ మొదలైంది. గోలీకి బదులు సూది వేయించుకుంటే అది కడుపులోకి పోదు కనుక ఇబ్బంది ఉండదని ఊళ్లో వైద్యం చేసే ఆయన అంటున్నారు. ఇది నిజమేనా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు: జనరల్ మెడిసిన్ వైద్యుడు, హన్మకొండ

ముందుగా మీ రెండో సందేహానికే జవాబు చెబుతాను. అది నిజం కాదు, ఆ సూది వేయించకండి.

డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, నాప్రోక్సెన్ వంటి మందులు శరీరంలో ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు తయారు కాకుండా అడ్డుకుని నొప్పిని, వాపును తగ్గిస్తాయి. ఆస్పిరిన్ పనిచేసేది కూడా ఈ విధంగానే అని 1971లో జాన్ వేన్ నిరూపించారు, 1982లో నోబెల్ బహుమతి పంచుకున్నారు. చిక్కు ఏమిటంటే, జీర్ణాశయం లోపలి పొర మీద జిగురును, ఆమ్లాన్ని విరిచే క్షారాన్ని ఊరించేవీ, ఆ పొరకు రక్తప్రసరణ తగ్గకుండా చూసేవీ ఈ ప్రోస్టాగ్లాండిన్లే. మందు నోటి ద్వారా వెళ్లినా, పిరుదుకు సూదిగా వెళ్లినా చివరికి రక్తంలోనే కలుస్తుంది, ఆ రక్తమే జీర్ణాశయపు పొరకూ చేరుతుంది, కనుక రక్షణ తగ్గడం రెండింటిలోనూ జరుగుతుంది. అన్నం తిన్న తర్వాత వేసుకుంటే కడుపులో మంట కొంత తగ్గవచ్చు గాని, పుండు పడకుండా ఆగుతుందన్న భరోసా లేదు. పేగులో కరిగేలా పూత పూసిన మాత్రల సంగతీ అంతే.

నొప్పి లేకపోవడంలోనూ వింత లేదు. నొప్పిని అణచే మందే పుండు నొప్పినీ కప్పిపెడుతుంది, పైగా పెద్ద వయసులో ఆ నొప్పి సహజంగానే తక్కువగా తెలుస్తుంది. అందువల్ల చాలామందిలో మొదట కనబడే లక్షణం రక్తస్రావమే అవుతుంది. మీ అమ్మగారి విషయంలో వయసుకు తోడు ఆస్పిరిన్ కూడా ఉంది. అది రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు గుమిగూడకుండా చేస్తుంది కాబట్టి చిన్న పుండు నుంచి కూడా రక్తం సులువుగా ఆగదు. హెచ్. పైలోరి అనే బాక్టీరియా ఉంటే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. ఆ పరీక్ష జరిగిందో లేదో డిశ్చార్జి కాగితాల్లో చూడండి. రక్తం కారుతున్నప్పుడు చేసిన పరీక్షలో లేదని వచ్చినా మళ్లీ ఒకసారి చేయించడం మంచిది.

మోకాళ్లకు పారాసెటమాల్‌ను వైద్యులు చెప్పిన మోతాదులో వాడవచ్చు. మోకాలి మీద రాసే డైక్లోఫెనాక్ జెల్ నుంచి రక్తంలోకి చేరే మందు చాలా తక్కువ, అయినా ఆమె వంటివారు వైద్యుని అడిగే వాడాలి. తొడ కండరాలకు బలమిచ్చే వ్యాయామాలు ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకుని రోజూ చేయాలి, కింద కూర్చుని చేసే పనులను పీట మీదికో కుర్చీ మీదికో మార్చాలి. ఎటోరికాక్సిబ్ అనే నొప్పుల మాత్ర కడుపుకు మంచిదని ఎవరైనా ఇవ్వబోతే, స్టెంట్ ఉన్న మనిషికి అది వద్దని గట్టిగా చెప్పండి. ఆ కోవకే చెందిన రోఫెకాక్సిబ్‌ను గుండెపోట్ల కారణంగానే 2004లో తయారీదారులు ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్నారు.

జవాబు: ఫార్మసిస్టు, పరకాల

డాక్టరు గారు చెప్పినదానికి దుకాణం వైపు నుంచి ఒక మాట చేర్చాలని ఉంది. మా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది మందు పేరు చెప్పరు, "ఆ ఎర్ర గోలీ ఇవ్వు" అంటారు. స్ట్రిప్ వెనుక చిన్న అక్షరాల్లో ఎసిక్లోఫెనాక్ 100 మి.గ్రా., పారాసెటమాల్ 325 మి.గ్రా., సెరాషియోపెప్టిడేజ్ 15 మి.గ్రా. అని ఉంటుంది. అదే మనిషి సంచిలో మరో డాక్టరు రాసిన డైక్లోఫెనాక్ కూడా ఉంటుంది. పేర్లు, రంగులు వేరైనా రెండూ ఒకే కోవ మందులు, కలిపి వాడితే నొప్పి పెద్దగా తగ్గదు గాని రక్తస్రావం ముప్పు మాత్రం పెరుగుతుంది. స్టెరాయిడ్ మాత్రలు తోడైనా ఇదే పరిస్థితి. ఇవి చీటీ లేకుండా అమ్మకూడని మందులని మా వాళ్లు కూడా గుర్తుంచుకోవాలి. ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ, సగం వాడినవి సహా, ఒక సంచిలో వేసుకుని డాక్టరుకు చూపించండి.

జవాబు: మహబూబాబాద్ నుంచి

నొప్పుల గోలీతో పాటు గ్యాస్ గోలీ వేసుకుంటే ఏమీ కాదని మేమూ నమ్మేవాళ్లం. మా నాయనకు పాంటోప్రజోల్ రోజూ వేస్తూనే ఉన్నా రక్తం తగ్గిపోతూ వచ్చింది, పైనుంచి, కిందినుంచి గొట్టాలు వేసి చూసినా ఏమీ కనబడలేదు. చివరికి కెమెరా ఉన్న క్యాప్సూల్ మింగించి చూస్తే చిన్నపేగు మధ్యలో పుండ్లు ఉన్నాయి. పాంటోప్రజోల్ ఆమ్లాన్ని తగ్గిస్తుంది కనుక జీర్ణాశయానికి, చిన్నపేగు మొదటి భాగానికి కాపుదల ఇస్తుందనీ, ఇంకా కిందికి అది పనికిరాదనీ అప్పుడు చెప్పారు.

నర్సంపేట వాసి

అందరికీ ధన్యవాదాలు. సూది వేయించబోము. భయంతో అమ్మ ఇప్పుడు ఆస్పిరిన్ కూడా మానేస్తానంటోంది. మానేయవచ్చా?

జనరల్ మెడిసిన్ వైద్యుడు, హన్మకొండ

సొంతంగా మానేయకూడదు, స్టెంట్‌లో రక్తం గడ్డకడితే గుండెపోటు వస్తుంది. రక్తస్రావం ఆగిన తర్వాత ఇటువంటివారికి పాంటోప్రజోల్ రక్షణతో ఆస్పిరిన్‌ను మళ్లీ మొదలుపెట్టడమే సాధారణంగా జరుగుతుంది. ఎప్పటి నుంచి అనేది ఎండోస్కోపీ చేసినవారు, గుండె వైద్యులు మాట్లాడుకుని నిర్ణయించాలి, కాబట్టి డిశ్చార్జి కాగితాలు తీసుకుని ఈ వారమే గుండె వైద్యులను కలవండి. పాంటోప్రజోల్‌ను టిఫినుకు అరగంట ముందు వేయండి. రోజూ మలం రంగు చూసుకోమని అమ్మగారికి చెప్పండి. ఐరన్ మాత్రలు రాసి ఉంటే వాటివల్ల కూడా మలం నల్లబడుతుంది, అయితే అది తారులా అంటుకోదు, అంత దుర్వాసనా ఉండదు. జిగటగా, దుర్వాసనతో వచ్చినా, వాంతిలో ఎర్రగా గాని కాఫీ పొడి రంగులో గాని కనబడినా, చల్లని చెమటలు పట్టి గుండె దడ వచ్చినా తెల్లవారేదాకా చూడవద్దు, 108కు ఫోన్ చేయండి.