ఇంగ్లిషు తరగతిలో ప్రపంచ సమస్యలు: చర్చనూ వ్యాకరణాన్నీ కలిపి నడపడం ఎలా?

ప్రశ్న:
ఉన్నత పాఠశాలలో ఇంగ్లిషు బోధిస్తున్నాను. శరణార్థులు, వాతావరణ మార్పు, బాలల హక్కులు వంటి అంశాలను పాఠాల్లోకి తేవాలని నా కోరిక. అయితే చర్చ వేడెక్కగానే విద్యార్థులు మాతృభాషలోకి వెళ్లిపోతున్నారు, వ్యాకరణం మూలన పడుతోంది. వ్యాకరణం పట్టుకుంటే చర్చ చప్పబడిపోతోంది. ఈ రెండింటినీ కలిపి నడిపినవారు తమ పద్ధతిని దయచేసి వివరించగలరు.

జవాబు 1:
అంశాన్ని ముందు ఎంచుకొని, వ్యాకరణాన్ని తరువాత దానికి అతికించడం వల్లనే ఈ ఇబ్బంది వస్తుందని నా అభిప్రాయం. 1948లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన విశ్వ మానవ హక్కుల ప్రకటననే తీసుకోండి. అందులోని 30 అధికరణాల్లో నాలుగు, ఐదు, తొమ్మిది ‘నో వన్ షల్ బి’ అనే మొదలవుతాయి, మూడూ కర్మణి ప్రయోగాలే. నాలుగో అధికరణాన్ని బోర్డు మీద రాసి, ‘ఎవరినీ బానిసత్వంలో ఉంచరాదన్నారు, మరి ఉంచేదెవరు?’ అని అడుగుతాను. వాక్యంలో కర్త లేదు కనుక, దాన్ని కర్తరి ప్రయోగంలోకి మార్చాలంటే యజమాని అనో, ప్రభుత్వం అనో, సైన్యం అనో ఎవరో ఒకరిని విద్యార్థి ఎంచుకోక తప్పదు, ఎందుకు ఎంచుకున్నాడో చెప్పకా తప్పదు. ఎవరు చేసినా నేరమే కాబట్టి కర్తను చెప్పకుండా వదిలేశారని చివరకు వాళ్లే గ్రహిస్తారు. అక్కడ వ్యాకరణమే చర్చ అవుతుంది.

జవాబు 2:
పై పద్ధతి నాకు నచ్చింది. ఒక్క విన్నపం: యుద్ధాలు, కరువులు, విపత్తులే వరుసగా చూపిస్తే దూరదేశాల మనుషుల పట్ల జాలి పుడుతుంది తప్ప అవగాహన పెరగదు. దేశాలు కలిసి పనిచేసిన సందర్భాలనూ చదివించాలి. అంటార్కిటికా మీద ఓజోన్ పొర బాగా పలచబడుతోందని శాస్త్రవేత్తలు 1985లో వెల్లడించారు, ఆ పొరను దెబ్బతీసే రసాయనాలను నియంత్రించే మాంట్రియల్ ఒప్పందం 1987లో కుదిరింది, ఆ తరువాత ఐక్యరాజ్యసమితి సభ్యదేశాలన్నీ అందులో చేరాయి, ఇప్పుడు ఆ పొర నెమ్మదిగా కోలుకుంటోంది. జరిగినది, జరుగుతున్నది, జరగబోయేది అన్నీ ఉన్న ఈ ఒక్క కథతో క్రియా కాలాలన్నీ సహజంగా నేర్పవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. విద్యార్థి అభిప్రాయం నాకు ఏమాత్రం సమ్మతం కానప్పుడు మార్కులు ఎలా వేయాలి?

జవాబు 1:
అభిప్రాయానికి మార్కులు వేయనే కూడదు. ఆధారం చూపాడా, ఎదుటివారి వాదనను వక్రీకరించకుండా చెప్పాడా, భాష స్పష్టంగా ఉందా అన్న మూడింటినే చూడండి, ఆ సంగతి రాయడానికి ముందే తరగతికి చెప్పండి. మాతృభాష విషయానికొస్తే, మొదటి కొన్ని నిమిషాలు జంటలుగా అందులోనే ఆలోచించుకోనివ్వండి. చెప్పవలసిన మాట తేల్చుకున్న విద్యార్థి దాన్ని ఇంగ్లిషులో చెప్పడానికి అంతగా జంకడు.